పెరటాశిలో వచ్చిన సముద్రపు పిట్ట

ఒక పిట్ట తిండి తినడం లేదని మా అత్త కూడా అన్నం మానేసింది. ఒక పూట కాదు, ఐదు రోజులు. డెబ్బైల చివర్లో జరిగిన సంగతి ఇది. అప్పటికి నాకు పెళ్ళై పదేళ్ళు దాటింది, కూతురికి తొమ్మిదేళ్ళు. మా పల్లె వడమాలపేటకు రెండు మైళ్ళ దూరంలో కొండవైపు ఉంది. మా ఆయన బావులు తవ్వే పనికి పోయేవాడు.

అత్తకు పెరటాశి నెలంటే ప్రాణం. మా వైపు ఆ నెలంతా ఇంట్లో నీచు వండరు. శనివారాలు ఒక్కపొద్దు ఉండి వెంకటేశ్వర స్వామికి తళిగ వేస్తారు. అరిటాకు మీద అన్నం, పప్పు, వడలు, కూరలు స్వామి ముఖం కనపడేలా పేర్చి, బియ్యప్పిండితో చేసిన ప్రమిదలో దీపం వెలిగించి, ఇల్లంతా కలిసి ‘గోవిందా’ అని గొంతెత్తి గోవింద కొట్టడమే తళిగ. ఆ బియ్యంలో పిడికెడైనా నాలుగిళ్ళ ముందు నిలబడి అడిగి తెచ్చినవై ఉండాలి.

మా ఇంట్లో దీనికి ఇంకో కారణం కూడా ఉండేది. ఆరేళ్ళ ముందు ఒక బావి ఒడ్డు విరిగి మా ఆయన మీద పడింది. మట్టి తీసి ఆయన్ని బయటికి లాగేసరికి పొద్దు వాలింది. ఊపిరి ఉంది. అత్త ఆ బావి గట్టు మీదే నిలబడి, బతికున్నన్నాళ్ళు ఒక్క పెరటాశి కూడా తప్పనని మొక్కుకుంది. కొడుకు రోజూ ఏదో ఒక బావిలోకి దిగుతూనే ఉన్నాడు. అందుకని ఆ మొక్కు ఆమెకు ఎప్పుడూ పాతబడలేదు.

ఆ ఏడు మూడో శనివారానికి ముందు రెండు రోజులు వాయుగుండం పట్టింది. గాలికి మా పశువుల కొట్టం కప్పు సగం లేచిపోయింది. శనివారం మధ్యాహ్నానికి తెరిపిచ్చింది. తళిగ వేసి, మేమూ పక్కింటివాళ్ళూ చేరి గోవింద కొట్టాం. మూడోసారి కొడుతుండగా వాకిట్లో గడ్డివామి మీద ఏదో దబ్బున పడి కిందికి జారింది.

వెళ్ళి చూస్తే పిట్ట. కాకికన్నా పెద్దది, మాడిన బెల్లం రంగు. రెక్కలు ఒంటికి మించిన పొడవు. ముక్కు కొస కొంకిలాగా వంగి ఉంది. నిలబడబోయి, నిలబడలేక రొమ్ము నేలకానించి కూలబడింది.

"గరుత్మంతుడు!" అని కేక పెట్టింది పక్కింటి పెద్దమ్మ. "ముక్కు సూడండి, ముక్కు! గోవిందా అంటానే దిగినాడు!"

తళిగ వేళకు ఆకాశంలో గద్ద కనపడితేనే గరుడుడు వచ్చాడని మొక్కుతారు మా వైపు. ఇది ఏకంగా వాకిట్లోకే వచ్చింది. మా అత్త తడిబట్టతోనే సాష్టాంగపడింది. హారతి ఇచ్చారు. పెద్దమ్మ బొట్టు పెట్టబోతే పిట్ట ఆమె వేలు పట్టుకుని రక్తం వచ్చేలా కొరికింది.

"సామి ప్రసాదంలే" అందామె, వేలు నోట్లో పెట్టుకుని.

"ఇన్నాళ్ళకు నీ నోటికి సరైన జోడు దొరికింది" అన్నాడు ఆమె మొగుడు, అరుగు మీద నుంచి కదలకుండా.

పిట్టను ఒక గంపలో గడ్డి వేసి కూర్చోబెట్టాం. తళిగ అన్నం ముందు పెడితే తల తిప్పుకుంది. వడ, గుగ్గిళ్ళు, పాలు దేన్నీ ముట్టలేదు. పొద్దు గూకింది. తళిగ అన్నం అందరం తిన్నాం గాని అత్త తినలేదు.

"తళిగలో ఏదో తప్పు జరిగుండాది" అంది. "లేకుంటే ఇంటికొచ్చిన సామి వాహనం మెతుకు ముట్టకుండా ఉంటాదా?"

"వడల్లో ఉప్పు చాల్లేదేమో అత్తా."

నేను ఆమెను నవ్వించాలని అన్నాను. ఆమె నవ్వలేదు. "అది తిన్నాకనే నేను తినేది" అంది.

మరుసటి రోజు ఆదివారం, మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. "అమ్మా, గరుడుడికి వడలెందుకు? పామును పట్టుకొస్తా, తింటాడేమో సూద్దాం" అన్నాడు.

"నోరు ముయ్యరా. రేపు బావిలోకి దిగేది నువ్వు."

ఆయన నోరు మూశాడు. సోమవారం పొద్దున్నే, ఆ వారమంతా పొరుగూళ్ళో పని ఉందని పార భుజాన వేసుకుని బయలుదేరాడు. అత్త వెంటపడింది. "ఈ వారం దిగొద్దురా నాయనా. పైనుండి మట్టి లాగు, సాలు."

"దిగకుండా బావి తవ్వేదెట్లమా?" అంటూ వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం పిట్ట కాళ్ళ మీద అనుమానం. వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పల్చని తోలు ఉంది. గద్దకు అలాంటి తోలు ఎక్కడిది?

"అత్తా, ఇది నీళ్ళ పిట్ట. చేపలు తినేదేమో."

"గరుడుడి కాళ్ళు నువ్వెప్పుడన్నా సూసినావా?"

"లేదు."

"మరి గమ్మునుండు. పెరటాశిలో నా వాకిట్లో చేప పేరెత్తొద్దు."

అత్త అప్పటికి రెండు రోజుల నుంచి పలచటి మజ్జిగ తప్ప ఏమీ తీసుకోలేదు. నీళ్ళు చేదుతూ చేదుతూ తాడు వదిలేసి బావి పక్కనే కూర్చుండిపోయింది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. లేపి కూర్చోబెట్టి, సంగటి కలిపి నోటికి అందించాను. తల తిప్పుకుంది, అచ్చం ఆ పిట్టలాగే. నాకు కోపం ఆగలేదు.

"తప్పు జరిగిందో లేదో నాకు తెల్దు. ఆ నోరులేని జీవికి దాని తిండి దానికి పెట్టకుండా చంపతా ఉండేది మాత్రం నువ్వే!"

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా వైపు ఒకసారి చూసి, మెల్లగా లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట నుంచి మజ్జిగ కూడా మానేసింది. మొక్కు తప్పితే కొడుకు పోతాడు, తప్పకపోతే ఇంటికొచ్చిన జీవి పోతుంది. ఈ రెంటి మధ్యా ఆమెను ఇరికించింది నా మాటే.

ఆ మధ్యాహ్నం నేను, పాప పాత చీర చెంగు తీసుకుని వానకు పారుతున్న కాలువకు పోయాం. వేలెడు చేపలు రెండు దొరికాయి. కొట్టం వెనక పిట్టను దించి చేప చూపించాను. అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్న పిట్ట ఒక్కసారిగా మెడ చాచి చేపను లాక్కుంది. నా గుండె కుదుటపడింది. కానీ చేప సగం దాకా వెళ్ళి ఆగింది. పిట్ట మెడను అటూ ఇటూ మెలితిప్పింది, నోరు తెరిచి కక్కేసింది. రెండో చేపకూ అంతే.

"అమ్మా, మూతి పక్కన సూడు, గడ్డి తినింది" అంది పాప. ముక్కు సందులో పచ్చటి పోగు ఒకటి అంగుళం మేర కనపడుతోంది. చెరువు పాచి అనుకున్నాను. తీయబోతే కొరికింది, వదిలేశాను.

చేపల్ని పేడదిబ్బలో పూడ్చి, చేతులు బూడిదతో ఒకసారి, చింతపండుతో రెండుసార్లు కడుక్కున్నాను. అంతా అయ్యాక తెలిసింది నేనెక్కడ చిక్కుకున్నానో. పిట్ట తినకపోవడానికి కారణం అత్త కాదు. ఆ ముక్క చెబితే ఆమె గుండె మీది బండ దిగిపోతుంది. కానీ చెప్పాలంటే, నీ మొక్కు నేను మీరాను అని కూడా చెప్పాలి. కొడుకు బావిలో ఉన్న వారంలో ఆ మాట వింటే ఆమె ఏమైపోతుందో నాకు తెలియదు. ఆ రోజంతా నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని తిరిగాను.

మంగళవారం పొద్దున ఉప్పామె వచ్చింది. తడ దగ్గర పెద్ద సరస్సు అవతల, సముద్రం ఒడ్డు పల్లె ఆమెది. సత్యవేడు మీదుగా బస్సులో వచ్చి మా ఊళ్ళన్నీ తిరిగేది. ఏడాదిలో పదకొండు నెలలు ఎండుచేపలు అమ్మేది. పెరటాశిలో కొనేవాళ్ళు ఉండరు గనక ఆ ఒక్క నెల ఉప్పు తెచ్చేది.

"మీ సామికేమమ్మా, నెలంతా వడలూ పాయసం. నాకేమో ఉప్పునీళ్ళు" అంటూ బుట్ట దించి, గంప వైపు చూసి పకపకా నవ్వింది. "ఇదేందమ్మే, మా ఊరి దొంగను పట్టుకొచ్చి బొట్టు పెట్టినారు!"

అత్త లోపల్నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. "దొంగంటావేంది? గరుత్మంతుడు."

"మా మొగోళ్ళ వలల్లో చేపలెత్తకపొయ్యే గరుత్మంతుడు పెద్దమ్మా. ఇది నడి సముద్రం పిట్ట. నేల మీదికి రానేరాదు. గాలివాన కొడితే ఇట్లా దోవ తప్పి యాడో ఒకచోట పడతాది." అని గంప దగ్గర కూర్చుంది. నవ్వు ఆపి, "ఎన్నాళ్ళాయె ఇది తిని?" అని అడిగింది.

"మూడు దినాలు" అన్నాను.

ఆమె నేర్పుగా పిట్ట తల వెనక నుంచి పట్టుకుని, రెండో చేత్తో మెడ కిందినుంచి పైకి నిమిరింది. ఒకచోట చెయ్యి ఆగింది. ముక్కు సందులోని పచ్చటి పోగును గోటితో లాగి చూసింది.

"పాచి కదా?" అన్నాను.

"పాచి కాదు. నైలాను. వల దారం. చెనక్కాయ నూనె తే, బిన్నా, జాగు చెయ్యొద్దు!"

నూనె తెచ్చాను. పాప రెక్కలు అదిమి పట్టుకుంది. ఉప్పామె పిట్ట నోట్లో చుక్కలు చుక్కలుగా నూనె వేసి, మెడ నిమురుతూ, దారాన్ని కొంచెం లాగుతూ, కొంచెం ఆగుతూ ఉంది. అత్త గుంజకు ఆనుకుని చూస్తోంది. చాలాసేపటికి దారం కదిలింది. మూరెడు పచ్చటి దారం చిక్కు బయటికి వచ్చింది. దాని వెనకే చిక్కులో ఇరుక్కున్న ఎర్రటి ప్లాస్టిక్ పెంకు. తర్వాత పిట్ట తనంతట తానే ఒళ్ళంతా వణికించి, జిడ్డుగా, కుళ్ళిన చేపల కంపుకొట్టే నూనెలాంటిది భళ్ళున కక్కింది. అది సరిగ్గా మా అత్త మడిచీర మీద పడింది. అందులో ఇంకో నాలుగైదు ముక్కలు, తెల్లవి, నీలంవి.

ఎర్ర పెంకును కడిగి చూశాను. దాని మీద ఏవో ఉబ్బెత్తుగా ఉన్నాయి. అవి అక్షరాలో గీతలో చెప్పలేను, అప్పటికి నాకు చదువు రాదు. నలభై దాటాక మా పల్లెలో చెట్టు కింద పెట్టిన వయోజనుల బడిలో నేర్చుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత పేపర్లో ఒక బొమ్మ చూశాను. సముద్రపు పిట్ట ఎముకల గూడు, దాని నడుమ రంగురంగుల మూతలు. కింద ఏం రాశారో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవక ముందే నాకు అర్థమైంది. కడుపు నిండిందనుకుని ఆకలితో చచ్చిపోతాయట.

ఉప్పామె ఆనాడే చెప్పింది. "మా నాయన కాలంలో వలలన్నీ నూలువి. తెగింది నీళ్ళల్లో పారేస్తే పది దినాల్లో కుళ్ళిపొయ్యేది. ఇప్పుడన్నీ నైలాను. కుళ్ళదు, సావదు. పడవల మీదినుంచి పారేసేవీ ఏటి నీళ్ళల్లో కొట్టుకొచ్చేవీ అన్నీ సముద్రంలోనే తేల్తాయి. ఇవేమో చేపలనుకుని మింగతాయి. ఒడ్డున ఎన్ని సచ్చి పడుంటాయో."

అత్త మెల్లగా అడిగింది. "అయితే, చేప పెట్టనందుకు కాదా?"

"చేప కాదు పెద్దమ్మా, అమృతం పోసినా దిగేది కాదు."

"నా మనసు కోసం చెప్తా ఉండావు నువ్వు."

ఇంక దాచలేకపోయాను. "నిజమే అత్తా. నిన్న నేనే కొట్టం ఎనక చేపలు పెట్టి సూసినాను. ఆత్రంగా నోట్లో పెట్టుకునింది. మింగలేక కక్కేసింది."

ఉప్పామె తల వంచుకుని చేతుల నూనె తుడుచుకుంటోంది. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

"పెట్టినావా?" అంది అత్త.

"పెట్టినాను."

"పెట్టినా తినలేదా?"

"తినలేదత్తా."

"ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఆమె గుంజ పట్టుకునే కిందికి జారి కూర్చుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోతే, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "ఓసి నీ ఇల్లు బంగారం కాను! ఆ మాట నిన్ననే చెప్పుంటే రెండు గుక్కలు మజ్జిగన్నా తాగుందును గదే! నేనే చంపతా ఉండానని పానం బిగబట్టుకోని ఉండాను."

"మొక్కు తప్పిందని భయపడి..."

"మొక్కు మొక్కింది నేను, చేపలు పట్టింది నువ్వు. ఆ పాపం నీకే, నా కొడుక్కు కాదు" అంది. మూడు రోజుల తర్వాత ఆమె ముఖంలో నవ్వు చూశాను. మడిచీర నిండా చేపల కంపు, ఆ సంగతి ఆమెకు గుర్తే లేదు.

"మరి ఇప్పుడన్నా దీనికి చేప పెట్టల్ల గదా?" అంది ఉప్పామె. "పెరటాశి మీకా, దానికా?"

అత్త కంచె వైపు చెయ్యి చూపింది. "కంచె అవతల పెట్టండి. నేను సూడను."

ఉప్పామె ఆ రెండు రాత్రులూ మా ఊళ్ళోనే ఆగింది. బుధవారం పొద్దున కాలువలో చేపలు పట్టి కంచె అవతల పిట్టకు పెట్టాం. అత్త ఇవతల, మాకు వీపు పెట్టి నిలబడింది.

"తినిందా?"

"నోట్లో పెట్టుకునింది."

"దిగిందా?"

"దిగింది!"

"ఇంకోటి పెట్టండి. ఏం, రెండే పట్టినారా? సోమరిపోతులు."

ఆరు చేపలు తింది. అత్త లోపలికి వెళ్ళి, తనే పోసుకుని చెంబెడు రాగి అంబలి తాగింది. అన్నం మాత్రం ముట్టలేదు. పిట్ట ఎగిరినాకే అంది. నేల మీదినుంచి అది ఎగరలేదని, సముద్రపు గాలి తగిలితే గాని లేవదని ఉప్పామె చెప్పింది. నేను తీసుకుపోయి వదుల్తాలే అని కూడా అంది. అత్త ఒప్పుకోలేదు. "నా వాకిట్లో పడిన జీవి. నేను సూసి రావల్ల."

గురువారం మొదటి బస్సుకు, పాపను పక్కింటి పెద్దమ్మ దగ్గర వదిలి, పులుసన్నం మూట కట్టుకుని, ముగ్గురం బయలుదేరాం. పిట్ట ఉప్పు బుట్టలో ఉంది, పైన తడిగుడ్డ కప్పాం. సత్యవేడు దాటాక కంపు బస్సంతా పాకింది.

"బుట్టలో ఏముండాది?" అన్నాడు కండక్టరు. "కోడి అయితే లగేజీ కొట్టల్ల."

"గరుత్మంతుడన్నా" అంది ఉప్పామె.

ఆయన గుడ్డ ఎత్తబోతే లోపలినుంచి ముక్కు టక్కుమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "గరుడసేవకు టికెట్ లేదులే. ఆ కిటికీ మాత్రం బాగా తెరవండి తల్లీ" అన్నాడు.

తడ దగ్గర దిగి, పడవ మీద సరస్సు దాటి, ఇసకలో నడిచాం. సముద్రాన్ని మేమిద్దరం అదే మొదటిసారి చూడటం. నేను నీళ్ళవైపు చూస్తుంటే అత్త కిందికి చూస్తోంది. ఒడ్డున ఒక పిట్ట చచ్చి పడి ఉంది, ఇదే జాతి. ఈకలు రాలిపోయి పక్కటెముకలు బయటపడ్డాయి. ఎముకల మధ్య, కడుపు ఉండాల్సిన చోట, ముగ్గులో రంగులు పోసినట్టు ముక్కలు. ఒంట్లో మాంసమంతా పోయినా అవి పోలేదు. అత్త గొంతుక్కూర్చుని వాటిని ఒక్కొక్కటే ఏరి కొంగున ముడి వేసుకుంది.

"ఎందుకు పెద్దమ్మా?" అంది ఉప్పామె.

"ఈడనే ఉంటే మళ్ళా అల వచ్చి తీసకపోతాది. ఇంకోటి మింగతాది."

ఒడ్డు పొడవునా అలాంటి ముక్కలు ఎన్ని పడి ఉన్నాయో మేం ముగ్గురం చూస్తూనే ఉన్నాం.

ఇసక దిబ్బ మీద గాలికి ఎదురుగా బుట్ట వంచింది ఉప్పామె. పిట్ట బయటికి వచ్చి, రొమ్ము మీద కూర్చుండిపోయింది. కదల్లేదు. అత్త నా మోచెయ్యి పట్టుకుంది. గాలి ఒక్క ఊపు ఊపింది. పిట్ట రెక్కలు విప్పింది. మా గంపలో ముడుచుకుని కూర్చున్న దానికి అంత పొడుగు రెక్కలున్నాయని నమ్మలేకపోయాను. దిబ్బ వాలులో పిచ్చిగా పరుగెత్తింది. బోర్లా పడుతుందనుకున్నాను. పడలేదు. అల మీదుగా, రెక్క ఆడించకుండా, నీళ్ళను రాసుకుంటూ సాగిపోయింది.

"పొయ్యిందా?" అంది అత్త. ఆమెకు దూరం చూపు ఆనదు. "నాకు కనపడలే. నువ్వు సూసి చెప్పు."

"నీళ్ళ మీదనే పోతా ఉండాది అత్తా. ఇప్పుడు ఎడంపక్కకు వాలింది. మళ్ళా లేసింది. సుక్కంత అయ్యింది. ఇంక కనపడలేదు."

"పడిపోలేదు గదా?"

"పడిపోలేదు. పొయ్యింది."

ఆమె చేతులెత్తి సముద్రం వైపు దండం పెట్టి, అక్కడే బోర్లించి ఉన్న పడవ నీడలో కూలబడింది. "ఆ పులుసన్నం మూట యాడుండాది? ఇట్లా తే" అంది. మూట విప్పి ఆమె చేతిలో పెట్టాను. గాలికి అన్నంలో ఇసక పడుతున్నా పట్టించుకోకుండా, ముద్ద వెనక ముద్ద, గబగబా తింది. సగం మూట అయ్యాక తలెత్తి, ఇంతకీ మీరిద్దరూ తినరా అని మమ్మల్ని కోప్పడింది.